స్టంపుల వెనక బెట్టీ స్నోబాల్

మహిళల క్రికెట్ చరిత్రలో బెట్టీ స్నోబాల్ పేరు ఎక్కడ కనిపించినా పక్కనే 189 అన్న అంకె ఉంటుంది. 1935 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్ మీద ఈ ఇంగ్లండ్ ఓపెనర్ చేసిన పరుగులవి. మహిళల టెస్టుల్లో అంతకన్నా పెద్ద స్కోరు రావడానికి 51 ఏళ్లు పట్టింది. 1986లో వూస్టర్‌లో మన సంధ్యా అగర్వాల్ 190 చేసి, ఒకే ఒక్క పరుగు తేడాతో ఆ రికార్డును దాటింది. తర్వాత అది చేతులు మారుతూ 2002లో టాంటన్‌లో 214 కొట్టిన మన హైదరాబాద్ మిథాలీ రాజ్ దగ్గరికి, 2004లో పాకిస్తాన్ బ్యాటర్ కిరణ్ బలూచ్ దగ్గరికి చేరింది. ఈ వరుసలో స్నోబాల్‌ను తలుచుకోవడం సబబే. కాకపోతే ఆమె జట్టు వికెట్‌కీపర్ అన్న సంగతి ఆ అంకె చాటున పడిపోయింది. ఆమె అసలు గొప్పతనం స్టంపుల వెనకే ఉందని, పరుగుల లెక్క దాన్ని కప్పేసిందని నా వాదన.

స్నోబాల్ 1908లో లాంకషైర్‌లోని బర్న్‌లీలో పుట్టింది. పక్క ఊరు నెల్సన్‌లో అప్పట్లో వెస్టిండీస్ ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టంటైన్ లీగ్ క్రికెట్ ఆడేవాడు. ఆయన దగ్గర ఆమె ఆట నేర్చుకుంది. స్క్వాష్, లాక్రోస్ ఆటల్లో స్కాట్లండ్ తరఫున కూడా ఆడింది. చురుకైన పాదాలూ, బంతిని వదలని చూపూ కీపర్‌కు ఎంత అవసరమో ఆ రెండు ఆటలకూ అంతే అవసరం. ఇంగ్లండ్‌లో మహిళా క్రికెట్ సంఘం ఏర్పడింది 1926లో. ఆడవాళ్ల తొలి టెస్టు 1934 డిసెంబరులో బ్రిస్బేన్‌లో మొదలైంది. ఆ యాత్రకు ఇంగ్లండ్ ఆటగత్తెలు ఓడ ఛార్జీలు సొంతంగానే పెట్టుకున్నారు. మోకాళ్ల మీద నిలబడితే బట్టల అంచు నేలను తాకాలని, కాళ్లకు మేజోళ్లు ఉండాలని సంఘం నియమాలు. బంతి బంతికీ వంగి కూర్చుని లేవాల్సిన మనిషికి ఆ నియమం ఎంత ఇబ్బందో దాన్ని రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా 47 పరుగులకే కుప్పకూలింది. మిర్టిల్ మక్లాగన్ తన ఆఫ్ స్పిన్‌తో 10 పరుగులిచ్చి 7 వికెట్లు తీసింది. తర్వాత సిడ్నీలో ఆమే తొలి సెంచరీ కొడితే లండన్ మార్నింగ్ పోస్ట్ పత్రిక ఆమె మీద పద్యం అచ్చు వేసింది. ఆ సిరీస్‌లో వికెట్ల వెనక నిలబడ్డ స్నోబాల్ మీద పద్యమేదీ రాలేదు.

రాకపోవడానికి కారణం స్కోర్‌బుక్‌లోనే ఉంది. బ్యాటర్ చేసిన ప్రతి పరుగూ, బౌలర్ వేసిన ప్రతి ఓవరూ అందులోకి ఎక్కుతాయి. కీపర్ వదిలేసిన బంతులు బైల రూపంలో కనిపిస్తాయి గానీ పట్టిన బంతులకు గడి లేదు. మిగిలేవి క్యాచ్‌లు, స్టంపింగ్‌లు. 10 టెస్టుల్లో స్నోబాల్ 13 క్యాచ్‌లు పట్టింది, 8 స్టంపింగ్‌లు చేసింది. మొత్తం 21. టెస్టుకు రెండే కదా, ఇందులో గొప్పేముందని అడగవచ్చు. మన కాలంలో అత్యుత్తమ కీపర్‌గా చాలామంది చెప్పే సారా టేలర్ కూడా ఇంగ్లండ్‌కు ఆడింది 10 టెస్టులే, ఆమె ఖాతాలో ఉన్నవి 18 క్యాచ్‌లు, 2 స్టంపింగ్‌లు, మొత్తం 20. ఫాస్ట్ బౌలింగ్ వాటా, పిచ్‌లు మారిపోయాయి కాబట్టి ఈ ఇద్దరిలో ఎవరు మిన్న అన్నది దీంతో తేలదు. ఒక సంగతి మాత్రం తేలుతుంది. స్నోబాల్ ఔట్లలో మూడో వంతుకు పైగా స్టంపింగ్‌లే. అంటే ఆమె వికెట్లకు ఆనుకుని నిలబడి, బ్యాటర్ అడ్డుగా ఉండగా తిరిగే బంతిని అందుకుని, కాలు క్రీజు దాటిన రెప్పపాటులో బెయిల్స్ లేపిందన్నమాట. బౌలర్‌కు దక్కిన ఆ వికెట్‌లో సగం ఆమెదే.

ఇక 189 సంగతి. న్యూజిలాండ్‌కు అది మొట్టమొదటి టెస్టు. వాళ్లు 44కే ఆలౌటయ్యారు. ఇంగ్లండ్ 5 వికెట్లకు 503 చేసి, ఇన్నింగ్స్ 337 పరుగుల తేడాతో గెలిచింది. మాలీ హైడ్ కూడా సెంచరీ కొట్టింది, ఆమెతో కలిసి స్నోబాల్ రెండో వికెట్‌కు 235 పరుగులు జోడించింది. పసికూనల మీద కొట్టిన పరుగులని ఎవరైనా అంటే ఆ మాటలో నిజం ఉంది. అందుకే 189ని పక్కన పెట్టి చూద్దాం. మిగతా 9 టెస్టుల్లో 424 పరుగులున్నాయి, అవన్నీ ఆస్ట్రేలియా మీద చేసినవే. 1937లో ఓవల్ టెస్టులో 99 దగ్గర ఔటైంది. కీపర్ కాకపోయినా ఆమెకు జట్టులో చోటు ఉండేది. ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. జట్లు చిన్నవి, చేతిలో డబ్బు లేదు, ఒకే మనిషి రెండు పనులు చేయక తప్పలేదు, అది అవసరమే తప్ప ప్రతిభ కాదు అని. పురుషుల్లో అదే కాలంలో లెస్ ఏమ్స్ ఉన్నాడు కదా అనీ అంటారు. నిజమే, ఏమ్స్ గొప్ప కీపర్, గొప్ప బ్యాటర్. కానీ టెస్టుల్లో అతను దిగింది మధ్య వరుసలో. కేవలం అవసరమే అయితే కాళ్లు పీకేదాకా కీపింగ్ చేసిన మనిషిని కాస్త కింద దింపుతారు. ప్యాడ్లు మార్చుకునే వ్యవధి కూడా సరిగ్గా దొరకని ఓపెనింగ్ పనిని అప్పగించరు. అప్పగించారంటే జట్టుకు ఆమె మీద ఉన్న నమ్మకం అది. 2022 ప్రపంచకప్ ఫైనల్లో కీపర్, ఓపెనర్ అయిన ఎలీసా హీలీ 170 కొట్టింది కూడా క్రైస్ట్‌చర్చ్‌లోనే, మైదానం వేరు. దాన్ని కొత్త తరం ఆటగా చెప్పుకున్నవాళ్లకు ఈ పాత సంగతి తెలియకపోవచ్చు.

1937 తర్వాత ఇంగ్లండ్ మహిళలు మళ్లీ టెస్టు ఆడింది 1949లో, ఆస్ట్రేలియా యాత్రలో. మధ్యలో యుద్ధం. అప్పటికి స్నోబాల్‌కు 40 ఏళ్లు, అయినా ఆ యాత్రకు వెళ్లింది. ఒక కీపర్ మంచి ఏళ్లన్నీ ఎలా పోయాయో స్కోర్‌బుక్ చెప్పదు. మన దగ్గరా ఇదే తంతు. అంజూ జైన్ వన్డేల్లో చేసిన 81 ఔట్లలో 51 స్టంపింగ్‌లు. ఈ లెక్క తెలిసిన అభిమానులు ఎంతమంది? స్నోబాల్ గురించి రాసేవాళ్లు ఇకనైనా ముందు కీపర్ అని, ఆ తర్వాతే 189 చేసిన ఓపెనర్ అని రాయాలి.