పిలిచినా లేవని వేటకుక్క: పిడుదు జ్వరం చరిత్ర

మన గూడెంలో కుక్కకు గొలుసు ఉండదు. పోడు చేనుకు మనకంటే ముందు నడుస్తుంది. రాత్రి మంచె కింద పడుకుని, అడవిపంది అలికిడి వింటే మొరుగుతుంది. అలాంటిది ఒకరోజు పిలిచినా లేవకపోతే ఏమనుకుంటాం? ముసలిదైందనో, ఎండకు సోలిందనో అనుకుంటాం. మా ఇంట్లోనూ అలాగే అనుకున్నాం. నాలుగో రోజు దాని ముక్కు నుంచి రక్తం కారింది. ఆ వారంలోనే పోయింది. చెవుల లోపల పిడుదులు గుత్తులుగా పట్టి ఉన్నాయని అప్పుడు చూశాం. కొన్నిచోట్ల వీటినే గోమార్లు అంటారు.

పిడుదుకూ జ్వరానికీ సంబంధం ఉందని ముందుగా అనుమానించింది పశువులతో బతికినవాళ్లే. అమెరికాలో టెక్సాస్ మందలు నడిచి వెళ్లిన దారుల్లో అక్కడి పశువులు జ్వరంతో చనిపోయేవి. దానికి పిడుదులే కారణమని కొందరు పశువుల యజమానులు చెప్పినా చదువుకున్నవారు చాలాకాలం నమ్మలేదు. చివరికి థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ ప్రయోగాలు చేసి, 1893లో ఆ మాట నిజమేనని చాటారు.

కుక్కల చరిత్రలో మన వైపు పేరూ ఉంది. 1910లో పాటన్ అనే శాస్త్రవేత్త మద్రాసులోని వేటకుక్కల రక్తంలో ఒక కొత్త సూక్ష్మజీవిని గుర్తించాడు. తర్వాత అది నక్క రక్తంలోనూ కనిపించింది. దాన్ని ఇప్పుడు బెబీసియా గిబ్సోని అంటున్నారు. ఆనాటికి భద్రాచలం, విశాఖ మన్యం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

1935లో అల్జీరియాలో డొనాషియన్, లెస్టోకార్ పిడుదులు పట్టిన కుక్కల్లో ఇంకో క్రిమిని కనుగొన్నారు. దాని పేరు ఎర్లిషియా. 1960ల చివర వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు వందకు పైగా ఈ జబ్బుతోనే చనిపోయాయి. వాటిలో చాలావాటికి ముక్కు నుంచి రక్తం కారింది. సైనిక వైద్యులు దగ్గరే ఉన్నా అన్నిటినీ కాపాడలేకపోయారు.

ఇంతకీ కుక్క ఎందుకు సోలిపోతుంది? బెబీసియా ఎర్ర రక్తకణాల్లో చేరి వాటిని పగలగొడుతుంది. రక్తం తగ్గితే ఒంటికి ప్రాణవాయువు అందదు. ఎర్లిషియా తెల్లకణాల్లో చేరుతుంది. దానివల్ల రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. కుక్క మూలన పడుకునేది అందుకే, బద్ధకంతో కాదు.

కుక్క రోజులో సగం నిద్రపోవడం మామూలే. నిద్రపోయిందా అని కాదు, లేచిందా అని చూడాలి. అన్నం గిన్నె చప్పుడుకు తల ఎత్తిందా? చేను దారిలో వెనకబడుతోందా? పై పెదవి ఎత్తి చూడండి, చిగుళ్లు ఎర్రగా కాక పాలిపోయి ఉన్నాయా? మూత్రం ముదురు రంగులో వస్తోందా? వీటిలో ఏది కనిపించినా ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తపరీక్షతో జబ్బు తెలుస్తుంది. తొందరగా పట్టుకుంటే మందులు బాగా పనిచేస్తాయి. మనం వేసుకునే జ్వరం మాత్రలు దానికి వేయకండి. పిడుదులు చావాలని చేనుకు కొట్టే పురుగుమందు దాని ఒంటికి పూయకండి. అది కుక్కనే చంపుతుంది.

ఒక జాగ్రత్త. నీరసంతో పాటు గొంతు మారి, నోరు వేలాడి, చొంగ కారుతుంటే ఆ కుక్కను ముట్టుకోవద్దు. పిచ్చికుక్క జబ్బు కరుస్తూ తిరిగే రూపంలోనే కాక ఇలా మౌనంగానూ వస్తుంది. కరిచినా, గీరినా, దాని చొంగ పుండుకు తగిలినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జంతువు నడక చూసి దాని ఒంటి సంగతి చెప్పగల పెద్దలు మన గూడేల్లో ఇంకా ఉన్నారు. శాస్త్రం కూడా అలాంటి చూపుతోనే మొదలైంది. ఈ సాయంత్రం మీ కుక్క చెవులు ఒకసారి తిప్పి చూడండి.