ట్విట్టరు సంస్థ చేతులు మారిన చరిత్ర

బళ్ళారి సరిహద్దు జిల్లా. ఇచ్చట వార్త యనునది ఏనాడును ఒక్క భాషలో రాలేదు. బ్రూసుపేటలో కన్నడమున విన్న సంగతి కౌలుబజారు చేరులోపల ఉర్దూను, తెలుగును తొడుగుకొనును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయెను. మిశ్రాగారి విచారణ ననుసరించి బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రమున చేరెను. అటుపిమ్మట ఈ ఊరి తెలుగువారికి తమ భాషతో నిత్యసంబంధము చాలవరకు పత్రిక మూలముననే నిలిచినదని మా తండ్రిగారు చెప్పుచుండెడివారు. పత్రికల కట్ట గుంతకల్లు మీదుగా రైలులో వచ్చువరకు కాచుకొని, ఒక్క ప్రతిని పదిమంది చదివెడివారట. ఆ పత్రిక ఎవరి సొత్తు అను ప్రశ్న ఆ పదిమందిలో ఎవరికిని తట్టియుండదు.

1959లో తట్టవలసివచ్చెను. ఆంధ్రప్రభ 1938 ఆగస్టు 15న మద్రాసులో వెలసినది. దాని యజమాని రామనాథ గోయెంకా బీహారునుండి వచ్చిన మార్వాడీ వర్తకుడు. తెలుగు ఆయన భాష కాదు. వరదరాజులు నాయుడుగారు 1932లో నెలకొల్పగా సదానందుని చేతికి పోయిన ఇండియన్ ఎక్స్‌ప్రెస్సును ఆయన అంతకు పూర్వమే ఋణపత్రముల మూలమునను, వ్యాజ్యము మూలమునను తన వశము చేసికొనియుండెను. 1942 మొదలు నార్ల వేంకటేశ్వరరావుగారు ఆంధ్రప్రభకు సంపాదకులు. 1959లో మద్రాసు కార్యాలయమున యాజమాన్యమునకును ఉద్యోగులకును తగవు ముదిరి సమ్మె జరుగగా, గోయెంకా అచ్చటి తలుపులు మూసి, ఆంధ్రప్రభను విజయవాడకు తరలించెను. అది సంస్థను మూసివేయుటయా, లేక పనివారిని బయట నిలుపుటకు వేసిన తాళమా అను తర్కము సుప్రీంకోర్టు దాక పోయెను. నార్లవారు ఆ పత్రికను వీడిరి. 1960 జూలై 1న విజయవాడలో వారి సంపాదకత్వమున ఆంధ్రజ్యోతి పుట్టెను. పేరును, యంత్రములును యజమానివద్దనే యుండెను. సంపాదకీయము కొరకు పత్రిక కొనెడివారిలో కొందరు సంపాదకుని వెంట నడచిరి. మా తండ్రిగారు అట్లు నడచినవారిలో ఒకరు. అయినను 1975–77 నాటి అత్యవసర పరిస్థితిలో ఎక్స్‌ప్రెస్సు ప్రభుత్వమునకు వంగకుండుటకు ఆ యజమాని మొండితనమే కారణము. గోయెంకాను తూచునప్పుడు ఈ రాయిని గూడ తక్కెడలో వేయవలెను.

ఇంత పాతకథను తవ్వుటకు కారణము, 2022లో అమెరికాదేశమున జరిగిన ఇటువంటిదే యొక సంగతి, అందులో ఒక తెలుగు ఆడపడుచు చిక్కుకొనుట. మేము ముప్పదియైదేండ్లు పద్దులు వ్రాసిన గుమాస్తాలము. పత్రికలలో ఆ కథ వచ్చినంతకాలము మా దృష్టి కోటీశ్వరుని చేష్టలపై కన్న లెక్కలపైననే నిలిచినది.

ట్విట్టరు 2006లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పుట్టినది. అది పత్రిక కాదు. వ్రాయువారును చదువువారును ఒక్కరే యైన సందేశముల సంత. సందేశమునకు మొదట 140 అక్షరములే మితి; 2017లో 280 చేసిరి. గురుతు నీలిపిట్ట. ప్రధానమంత్రుల ప్రకటనలును, భూకంపపు వార్తయు, రైలు ఆలస్యమైన యాత్రికుని మొరయు ఒక్క వరుసలో అందు కనబడుచుండెను. కీర్తి మిక్కుటము, ఆదాయము స్వల్పము. 2018, 2019 సంవత్సరములు తప్ప లాభము చూచిన యేడు లేదు. 2021లో రాబడి 508 కోట్ల డాలర్లు కాగా నష్టము 22 కోట్లు. కనుక చక్కగా నడచుచున్న సంస్థను ఎవడో వచ్చి చెరచెనని చెప్పుట సత్యము కాదు.

దాని న్యాయవిభాగమునకు అధిపతి విజయ గద్దె. 1974లో హైదరాబాదున జన్మించి, మూడేండ్ల ప్రాయమున అమెరికా చేరి, టెక్సాసు రాష్ట్రములోని బోమాంటు అను ఊరిలో పెరిగినది. తండ్రి రసాయనిక ఇంజనీరు. ఉద్యోగము పోగా, ఇంటింటికి తిరిగి బీమా సొమ్ము వసూలు చేయవలసిన గతి పట్టెను. అందుకై ఆ ప్రాంతపు కు క్లక్స్ క్లాన్ నాయకుని యనుమతి తెచ్చుకొనవలెనని పై యధికారి చెప్పగా, ఆయన పోయి యడిగినట్లు ఆమెయే పిమ్మట ఒక పత్రికకు చెప్పెను. అట్టి యింటి పిల్ల న్యాయశాస్త్రము చదివి, 2011లో ట్విట్టరున చేరి, ఎవరి మాట నిలువవలెను, ఎవరి మాట తొలగవలెను అని తేల్చు స్థానమునకు వచ్చినది. 2021 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంపు ఖాతా మూసివేసిన నిర్ణయములో ఆమెది ముఖ్యపాత్ర. అన్ని తీర్పులును సరియైనవి కావు. 2020లో న్యూయార్కు పోస్టు పత్రిక వార్త నొకదానిని సంస్థ అడ్డుకొనగా, అది పొరపాటని ఆనాటి అధిపతి జాక్ డార్సీయే ఒప్పుకొనెను.

ఇక కొనుగోలు సంగతి. విద్యుత్కారులు, అంతరిక్షనౌకలు నిర్మించు సంస్థల యధిపతి ఎలాన్ మస్కు 2022 ఏప్రిలు 4న తనకు ట్విట్టరులో నూటికి తొమ్మిదికి పైగా వాటాలు గలవని వెల్లడించెను. పాలకమండలిలో చేరుదుననెను; చేరననెను. 14వ తేదీన వాటాకు 54 డాలర్ల 20 సెంట్ల చొప్పున మొత్తము సంస్థను కొందుననెను. 25న మండలి ఒప్పుకొనెను. వెల 4,400 కోట్ల డాలర్లు. నాటి మారకము ప్రకారము సుమారు మూడు లక్షల ముప్పదియేడువేల కోట్ల రూపాయలు. ఇంత బేరములో, లోపలి లెక్కలు తరచి చూచుకొను హక్కును కొనువాడే వదలుకొనెను. మా బళ్ళారి సంతలో గొఱ్ఱెను కొనువాడైనను పండ్లు చూడక పైకము చెల్లింపడు.

ఆ వారములోనే మస్కు విజయ గద్దె నిర్ణయములను బహిరంగముగా విమర్శించెను. ఆయన యనుచరులు ఆమెపై దూషణలు గుప్పించిరి; జాతి నెత్తి తిట్టినవారును కలరు. జూలై 8న ఆయన దొంగఖాతాల లెక్క సరిగా చూపలేదని బేరము విరమించుకొనబోయెను. నాలుగు దినములలో సంస్థ డెలావేరు న్యాయస్థానమున దావా వేసి, కొనితీరవలెనని పట్టుబట్టెను. విచారణ అక్టోబరు 17న ఆరంభము కావలసియుండగా, 4వ తేదీన ఆయన దిగివచ్చెను. ఆయనచేత సంస్థను కొనిపించినది ఆమె విభాగము వేసిన ఆ దావాయే. 27న లావాదేవి ముగిసెను. ఆ రాత్రియే అధిపతి పరాగ్ అగర్వాలును, ఆర్థికాధికారి నెడ్ సీగలును, విజయ గద్దెయు తొలగింపబడిరి. తమకు రావలసిన పరిహారము ఎగవేయుటకే ఆ తొందర చూపెనని వారు పిమ్మట దావాలో ఆరోపించిరి.

మేము పద్దుల సంగతి ఎత్తితిమి గదా. ఆ 4,400 కోట్లలో సుమారు 1,300 కోట్లు బ్యాంకుల యప్పు. ఆ యప్పు మస్కు పేర లేదు. ట్విట్టరు పేరనే వ్రాయబడెను. ఎద్దును అప్పుతో కొని, తీర్చవలసిన బాధ్యత ఎద్దు మెడకే కట్టినట్లు. వడ్డీయే సాలుకు 100 కోట్ల డాలర్లకు పైబడినది. 508 కోట్ల రాబడిలో నష్టము చూపుచున్న సంస్థ ఆ వడ్డీ నెట్లు కట్టగలదు? రాబడిలో పదింట తొమ్మిది పాళ్ళు ప్రకటనల సొమ్ము. ప్రకటనదారులు కొత్త యజమాని రీతిని చూచి మొదటి మాసముననే వెనుకంజ వేసిరి. తగ్గింపదగినది జీతములు మాత్రమే. వాటాదారులు మంచి వెల పుచ్చుకొని వెళ్ళిరి. మండలివారు చట్టము తమకు విధించిన పని చేసిరి. ఆ వెల చెల్లించినవారెవరో నవంబరు 4న తెలిసినది.

ఆ దినమున సుమారు 7,500 మంది ఉద్యోగులలో సగము మందికి ఉద్వాసన. భారతదేశమున ఇన్నూరుకు పైగా ఉన్నవారిలో చాలమంది పోయిరి. అటుపై కొలది దినములకే, పొరపాటున తీసితిమి, మరల రండని కొందరిని పిలిచినట్లు పత్రికలలో చదివితిమి.

అది చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు. మేము పనిచేసిన సంస్థను ఒకప్పుడు ఒక ధనికుడు కొనెను; పేరు ఇక్కడ అనవసరము. మొదటి మాసములోనే స్టోరు గుమాస్తాను ముసలివాడని తొలగించిరి. ఏ సామాను ఏ అరలో నున్నదో సగము రిజిస్టరులో నుండెను, సగము ఆయన తలలో నుండెను. రెండు వారములకు ఒక వాల్వు అవసరమై యంత్రము నిలిచిపోయెను. దినమంతయు వెదకి, కడకు మమ్ము ఆయన యింటికి పంపిరి. ఆయన అరుగుమీద కూర్చుండి, “మూడో అర, గోనెసంచుల వెనక చూడు నాయనా” అని, కాఫీ యిప్పించి పంపెను. మరల పనిలోనికి రమ్మన్నారని చెప్పిన మాటకు మాత్రము బదులు పలుకలేదు.

ట్విట్టరున తరువాత జరిగినదానిలో నీలిగుర్తు ఉదంతము ముఖ్యమైనది. ప్రముఖుల పేరనున్న ఖాతా నిజముగా వారిదే యని సంస్థ విచారించి వేయు ముద్ర అది. మన సబ్‌రిజిస్ట్రారు ముద్రవంటిది. నవంబరు 9న ఆ ముద్రను మాసమునకు 8 డాలర్లకు అమ్మకమునకు పెట్టిరి. మరునాడే ఎవడో ఎలై లిల్లీ యను మందుల సంస్థ పేరిట ఖాతా తెరచి, 8 డాలర్లిచ్చి ముద్ర కొని, ఇకపై ఇన్సులిన్ ఉచితమని ప్రకటించెను. మధుమేహముతో బాధపడువారు ఆ మాటను ఎట్లు చదివియుందురో ఊహింపవచ్చును. అసలు సంస్థవారు క్షమాపణ చెప్పి, అది తమ ప్రకటన కాదని చాటుకొనవలసివచ్చెను. అమ్మకమును ఆపి, డిసెంబరులో మార్పులతో మరల మొదలిడిరి.

మిగిలినవి త్వరగా చెప్పవచ్చును. నవంబరు 16న, కఠోరముగా శ్రమింతుమని మరునాటి సాయంకాలములోపల ఒప్పుకొనుడు, లేకున్న వెడలుడు అని ఉత్తరువు, వందలాదిమంది వెడలిరి. డిసెంబరులో తనను గూర్చి వ్రాసిన విలేకరుల ఖాతాలు కొన్ని నిలిపివేసి, పిమ్మట పునరుద్ధరించెను. అధిపతిగా నేను దిగిపోవలెనా యని జనవాక్యము కోరగా, నూటికి 57.5 మంది దిగిపొమ్మనిరి. 2023లో కార్యాలయపు టద్దె బాకీ యని భవనపు యజమానులు కోర్టు కెక్కిరి. జనవరిలో బల్లలు, కుర్చీలు, కాఫీ యంత్రములు వేలము వేయగా, అందు నీలిపిట్ట ప్రతిమ లక్ష డాలర్లు పలికెను. ఫిబ్రవరిలో ఢిల్లీ, బొంబాయి కార్యాలయములు మూసి, మా బెంగుళూరుదానిని మాత్రము ఉంచిరి. జూలై మొదట దినమునకు ఇన్ని సందేశములకు మించి చదువరాదని పరిమితి. ఆ నెలలోనే పిట్ట పోయి, పేరు ఎక్స్ అయ్యెను. పదునేడేండ్లుగా లోకమెరిగిన పేరును కొన్నవాడే చెరిపివేయుట మాకు ఇప్పటికిని విడ్డూరముగానే యున్నది. గోయెంకా యెన్ని చేసినను ఆంధ్రప్రభ యను పేరు జోలికి పోలేదు.

అయినను ఒక మాట యొప్పుకొనవలెను. సంస్థ వారములలో కూలునని చెప్పిన విజ్ఞుల జోస్యము ఫలింపలేదు. 2023 ఏప్రిలులో మస్కు చెప్పిన లెక్క ప్రకారము మిగిలినవారు సుమారు 1,500 మందియే. యంత్రము నడచుచునే యుండెను. కావున పూర్వము అవసరమునకు మించిన సిబ్బంది యుండెనను వాదములో కొంత నిజము లేకపోలేదు. బ్యాంకులు ఏళ్ళతరబడి ఎవరికిని అమ్ముకొనలేకపోయిన అప్పును 2025లో దాదాపు పూర్తి వెలకే వదిలించుకొనెను. అది సంస్థ రాబడి మహిమయా, యజమాని రాజకీయ ప్రాబల్యపు మహిమయా అను ప్రశ్నకు పద్దులలో జవాబు దొరకదు.

2025 మార్చి 28న ఎక్స్‌ను మస్కు తన మరియొక సంస్థయైన ఎక్స్‌ఎఐ చేత కొనిపించెను. 4,500 కోట్ల డాలర్లు విలువ కట్టి, 1,200 కోట్ల అప్పు తీసివేసి, 3,300 కోట్లని చూపిరి. అమ్మినవాడును, కొన్నవాడును, వెల నిర్ణయించినవాడును ఒక్కడే. ఇటువంటి పద్దు మా యెదుటికి వచ్చినయెడల, తనిఖీదారుకు ఏమి చెప్పవలెనో యని ఆ రాత్రి నిద్రపోయెడివారము కాము.

విజయ గద్దెయు, ఆమెతోడి ముగ్గురు అధికారులును 12 కోట్ల 80 లక్షల డాలర్ల పరిహారమునకై 2024 మార్చిలో వేసిన దావా 2025 అక్టోబరులో రాజీ యయ్యెను. పరిహారము కోరిన సామాన్యోద్యోగుల దావా అంతకు ముందు ఆగస్టుననే రాజీకి వచ్చియుండెను. ఆ రాజీల షరతులు బయటపెట్టలేదు.