అలారం మోగినా లేవని రీడ్

గాజువాకలో వేబ్రిడ్జిలకు ప్రోగ్రాములు రాసేవాణ్ణి. స్టీలు లోడు లారీ కాటా ఎక్కితే, ఇండికేటర్ సీరియల్ కేబుల్ మీదుగా బరువు పంపుతుంది. దానికోసం ప్రోగ్రాము ‘రీడ్’ అనే సిస్టమ్ కాల్‌లో కాచుక్కూర్చుంటుంది. కేబుల్ ఊడితే? ఐదు సెకన్లకు అలారం పెట్టేవాళ్లం. ఆ అలారం సిగ్నల్ రాగానే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రమైన కెర్నల్ రీడ్‌ను మధ్యలోనే ఆపి, ఈఐఎన్‌టీఆర్ అనే ఎర్రర్ చేతిలో పెట్టేది. తెర మీద ‘కాటా పలకడం లేదు’ అని వచ్చేది.

ఇది బెల్ ల్యాబ్స్ యూనిక్స్ పద్ధతి. ఆగిన కాల్‌ను మళ్లీ నడిపించడం కెర్నల్‌కు చిక్కు కనుక, ఆ బరువు ప్రోగ్రామర్ నెత్తిన వేశారు. ఎంఐటీ వారి ఐటీఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అలా కాదు. ప్రోగ్రామును ఒకడుగు వెనక్కి జరిపి అదే కాల్ మళ్లీ చేయించేది. యూనిక్స్ వాళ్లకేమో ప్రతి రీడ్ చుట్టూ ఒక లూప్ రాయడం ఆచారమైపోయింది.

1983లో బర్క్‌లీ వారి 4.2 బీఎస్‌డీ ఆ పని కెర్నల్‌కే అప్పగించింది. సిగ్నల్ వచ్చిపోయాక రీడ్, రైట్, వెయిట్ వాటంతటవే మళ్లీ మొదలయ్యేవి. లూపుల బెడద తగ్గింది కానీ, అలారంతో రీడ్‌ను ఆపే ఉపాయమూ పోయింది. అందుకే 1986లో 4.3 బీఎస్‌డీ, కాల్‌ను ఆపనిచ్చే ‘సిగ్‌ఇంటరప్ట్’ ఇచ్చింది. ఆ తర్వాత ‘సిగ్‌యాక్షన్’లో రీస్టార్ట్ ఫ్లాగ్ వచ్చింది. ఏ సిగ్నల్‌కు కాల్ ఆగాలో, దేనికి కొనసాగాలో ప్రోగ్రామే చెప్పుకోవచ్చు.

ఆ పాత తగాదా లైనక్స్‌తో మా కాటా దాకా వచ్చింది. పాత సీ లైబ్రరీలో ‘సిగ్నల్’ ఫంక్షన్‌ది సిస్టమ్ ఫైవ్ దారి, అంటే కాల్‌ను ఆపేసే పాత యూనిక్స్ పద్ధతే. 1997లో వచ్చిన కొత్త సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2 బర్క్‌లీ దారి పట్టింది. మా కోడ్‌లో అక్షరం మారలేదు, కొత్త లైబ్రరీతో కంపైల్ చేశామంతే. ఓ రోజు కేబుల్ వదులైంది. అలారం మోగింది, రీడ్ మళ్లీ కాపుకు కూర్చుంది. బయట లారీల బారు, హారన్లు. సిగ్‌యాక్షన్‌కు మారి, రీస్టార్ట్ ఫ్లాగ్ పెట్టకుండా వదిలేస్తే దారికొచ్చింది.

2015లో పైథాన్ 3.5 కూడా కాల్‌ను తానే మళ్లీ చేయడం మొదలుపెట్టింది. అయితే సిగ్నల్ వస్తే నడిచే హ్యాండ్లర్ ఎక్సెప్షన్ లేపితే అక్కడితో ఆపేస్తుంది. అదీ సబబే. సిగ్నల్ వచ్చిందన్నంతవరకే కెర్నల్‌కు తెలుసు. కాచుకున్నది చాలో, ఇంకా కాచుకోవాలో తెలిసేది ప్రోగ్రాముకే.