బాతులు దిగిన రోజు

కార్తీక సోమవారం తెల్లారగట్ల లేచి, అరటిదొప్పలో దీపం పెట్టి ఏట్లో వదలటం మనలో చాలామందికి అలవాటే. ఆ దొప్ప నాలుగు బారలు సాగితే చాలు, మన మనసు నిండిపోతుంది. తర్వాత అది ఎక్కడికి పోయిందో, ఏ సుడిలో మునిగిందో ఎవరం చూడం.

1940 నవంబరు 11 కూడా కార్తీక సోమవారమే. కృష్ణలోనూ గోదావరిలోనూ మన అమ్మమ్మలు దీపాలు వదిలిన ఆ రోజునే, భూమికి అవతలివైపు మిసిసిపీ నదిలోకి వందల కొద్దీ మగవాళ్ళు చిన్న చిన్న పడవలు తోసుకుని బయల్దేరారు. బాతుల వేటకి.

వేట కథలు మనకెందుకండీ అంటారేమో. మావారు అదే అన్నారు. బాతుని కొట్టటంలో ఉన్న సరదా ఏమిటో నాకూ అర్థం కాదు. కానీ ఈ కథలో నన్ను పట్టుకున్నది వేట కాదు. ఆ రోజు చచ్చిపోయిన వాళ్ళెవరూ దుస్సాహసం చేద్దామని వెళ్ళలేదు. వాళ్ళ లెక్క ప్రకారం ఏడాది మొత్తానికి అంత మంచి రోజు లేదు. అదీ సంగతి.

ముందు ఆ రోజు గురించి చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధం 1918లో నవంబరు 11న ఆగిపోయింది కదా. ఆ జ్ఞాపకంగా 1938 నుంచి అమెరికాలో ఆ రోజు సెలవిస్తున్నారు. 1940లో అది సోమవారం వచ్చింది. ఆదివారం పక్కన సోమవారం సెలవంటే ఉద్యోగస్తుల ఇంట్లో పండగేగా! పైగా ఆ ఏడు శరదృతువు అంతా వెచ్చగానే గడిచింది. నవంబరు రెండోవారం వచ్చినా చలి జాడ లేదు. చలి రాకపోతే ఉత్తరాది నుంచి బాతులు దిగవు. తుపాకులు తుడిచిపెట్టుకుని వేటగాళ్ళు ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నారు.

మొన్నామధ్య మిన్నెసోటాలో ఉన్న మా అక్క కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు అది మమ్మల్ని వినోనా అనే ఊరు తీసుకెళ్ళింది. ఊరి వెనక గార్విన్ హైట్స్ అని ఒక కొండ ఉంది. దానిమీద నిలబడి చూస్తే కింద ఊరు, దాని అవతల మిసిసిపీ. నది అంటే మన రాజమండ్రి దగ్గర గోదావరిలాగా ఒకే నిండుతనం ఉంటుందనుకున్నాను. అలా లేదు. పాయలు, లంకలు, మడుగులు, రెల్లు, మళ్ళీ పాయలు. ఎవరో నీలంచీర ముక్కలు ముక్కలుగా చింపి పచ్చిక మీద పరిచినట్టుంది. ఆ లంకల్లోనే ఈ కథంతా నడిచింది.

ఆ నీళ్ళు మొదటినుంచీ అలా లేవు. పెద్ద పెద్ద సరుకు బోట్లు నడవటానికి నదిలో 9 అడుగుల లోతు ఎప్పుడూ ఉండాలని 1930లో అమెరికా ప్రభుత్వం తలపెట్టింది. ఆ దశాబ్దమంతా నదికి అడ్డంగా వరసగా ఆనకట్టలూ లాకులూ కట్టుకుంటూ పోయారు. ఒక్కొక్క ఆనకట్ట వెనక నీళ్ళు ఎగదన్ని, లంకల్లో పల్లపు భూములన్నీ మునిగాయి. అడవి ఉన్నచోట మోడులు మిగిలాయి. వంద గజాల పాయ ఉన్నచోట మైలు వెడల్పు మడుగు వచ్చింది. బాతులకి అది స్వర్గం. అంచేత వేటగాళ్ళకీ స్వర్గమే. అయితే ఇరుకు పాయలో గాలికి అల లేవదు, లేచినా ఒడ్డు దగ్గరే. మైళ్ళకొద్దీ అడ్డులేని నీటిమీద గాలి పరిగెత్తితే అల పెరుగుతూ పోతుంది. తాతల కాలంనుంచీ తెలిసిన నదే అనుకున్నది పదేళ్ళలో సరస్సుల వరసగా మారిపోయింది. పడవలు మాత్రం తాతల నాటివే.

ఆ పడవ ఎలాంటిదో చెప్తాను. అడుగు చదునుగా ఉంటుంది, లోతు లేనిచోట కూడా జారిపోవటానికి. అంచులు బాగా తక్కువ, దూరంనుంచి బాతుకి కనపడకుండా ఉండటానికి. మన కొల్లేటి తాటిదోనె చూసినవాళ్ళకి ఇంత వివరం అక్కర్లేదు, తుమ్మితే ఒరుగుతుంది. అందులో ఇద్దరు మనుషులు, ఒక కుక్క, రెండు తుపాకులు, తూటాల పెట్టె, గోనెసంచుల నిండా కొయ్య బాతులు. మన పిట్టలు పట్టేవాళ్ళు దీమం అంటారే, అదే పద్ధతి. కొయ్య బాతుల్ని నీళ్ళమీద తేలేస్తే, తమవాళ్ళే అనుకుని అసలువి దిగుతాయి. ఇంత బరువూ ఎక్కాక నీటికి పైన మిగిలే అంచు ఏ జానెడో. ఎండ కాసి, ఆకు కదలని రోజున ఆ జానెడు చాలు.

ఆ సోమవారం ఉదయం సరిగ్గా అలాగే ఉంది. చీకటితోనే బయల్దేరినవాళ్ళు చాలామంది పల్చటి కోట్లతోనే వెళ్ళారు. కొందరు వెచ్చగా ఉందని అవీ విప్పేశారు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తాం కదా అని.

ఇంతలో బాతులు దిగాయి. ఒకటీ రెండూ కాదు, వందలూ కాదు. బతికి బయటపడ్డవాళ్ళు తర్వాత ఏళ్ళ తరబడి చెప్పుకున్న మాట ఒకటే. అన్ని బాతుల్ని జన్మలో చూడలేదని. గుంపు వెనక గుంపు, చాలా కిందుగా ఎగురుతూ, తుపాకీ పేలినా బెదరకుండా దిగుతూనే ఉన్నాయట. రోజూ గడ్డిపరక కదిలితే ఎగిరిపోయే పక్షి, ఆ రోజు మనిషిని లెక్కచెయ్యలేదు.

ఇక్కడ నేను చదువుతున్న పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. ఆ పక్షులు దేనినుంచో పారిపోతున్నాయి. వెనక తరుముకొచ్చేది తుపాకీకంటే పెద్దది. వాటి కంగారు ఆకాశం నిండా కనిపిస్తూనే ఉంది. కింద ఉన్నవాళ్ళు దాన్ని అదృష్టం అనుకున్నారు! అనుకోరూ మరి? నెలరోజులుగా ఎదురుచూసిన బాతులాయె. మన ఇంటికి ఎన్నడూ రాని పెద్దచుట్టం గబగబా వస్తే, ముందు కాఫీ పెడతాం. ఎందుకొచ్చాడో తర్వాత కదా అడుగుతాం.

మధ్యాహ్నానికి గాలి వాయవ్యానికి తిరిగింది. వాన, వడగళ్ళలాంటి మంచుపలుకులు, తర్వాత కన్ను తెరవనివ్వని మంచు. వినోనా దగ్గర నది కూడా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పారుతుంది. అంటే గాలికి నది పొడుగంతా రాజబాట. ఆ మడుగుల మీద ఐదడుగుల అలలు లేచాయన్నారు. గంటకి 50 మైళ్ళు, కొన్నిచోట్ల అంతకు చాలా మించి వీచింది గాలి. కొన్ని ఊళ్ళలో ఒక్కరోజులో వేడి ఫారెన్‌హీట్ లెక్కన 50 డిగ్రీలు పడిపోయింది. మిన్నెసోటాలో కాలేజ్‌విల్ అనే చోట రెండడుగులకి పైగా మంచు కురిసింది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. లంకలో ఉండాలా, ఒడ్డుకి పోవాలా?

పోదామంటే జానెడు అంచు పడవ. ఒక్క అల లోపలికి వచ్చిందంటే చదును అడుగులో నీళ్ళు ఒక పక్కకి పరిగెడతాయి, ఆ పక్కే పడవ వంగుతుంది, అటునుంచే రెండో అల వస్తుంది. మూడోదానికి పడవ ఉండదు. చన్నీళ్ళ సంగతి ఈనాటి వైద్యులు చాలా తేటగా చెప్తారు. పడ్డ మొదటి నిమిషంలో ఊపిరి ఎగదన్నుతుంది, మనిషి నీళ్ళు మింగేస్తాడు. దాన్ని తట్టుకున్నా పది నిమిషాల్లో చేతులు మాట వినటం మానేస్తాయి. ఎంత గజ ఈతగాడైనా అంతే. స్పృహ పోవటానికి గంట పడుతుంది గానీ, చేతులు లేనివాడు ఆ గంట నీళ్ళపైన ఎలా ఉంటాడు?

పోనీ ఉండిపోదామంటే, ఆ లంకలు ఏపాటివి? నీటికి అడుగు ఎత్తున ఇసుకా, రెల్లూ, నాలుగు విల్లో చెట్లూ. కొన్నిచోట్ల అలలు లంకమీదనుంచే పోతున్నాయి. తడిసిన బట్ట ఒంటిమీదే గడ్డకట్టి రేకులా అయిపోయింది. అగ్గిపెట్టెలు తడిశాయి. పడవ బోర్లించి దానికింద దూరినవాళ్ళున్నారు. కొయ్య బాతుల్ని మంటలో వేసుకున్నవాళ్ళున్నారు. రాత్రంతా ఒకరినొకరు గుద్దుకుంటూ, గంతులేస్తూ, చెట్టుచుట్టూ తిరుగుతూ గడిపినవాళ్ళు చాలామటుకు బతికారు. కాస్త కూర్చుంటానన్నవాడు లేవలేదు. చలికి చచ్చేవాడికి చివర్లో హాయిగా నిద్రొస్తుందట. ఆ హాయి ఎంత భయంకరమో చూడండి.

ఉండిపోయినవాళ్ళలో కొందరు పోయారు, బయల్దేరినవాళ్ళలో కొందరు పోయారు, రెండు విధాలా కొందరు బతికారు. ఇది తప్పు, అది ఒప్పు అని ఈనాడు నీడపట్టున కూర్చుని చెప్పటం నాకు ఇష్టం లేదు.

నేను చదివిన వాటిలో ఒక ఇల్లు మనసులోంచి పోలేదు. పేర్లు అక్కర్లేదు. వినోనాకి చెందిన ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు, వాళ్ళ స్నేహితుడు కలిసి వెళ్ళారు. రాత్రి మొదలుకొని మర్నాటిలోపల ముందు స్నేహితుడు, తర్వాత ఒక కొడుకు, ఆఖరికి తండ్రీ పోయారు. పదిహేడేళ్ళ కుర్రాడొక్కడే మిగిలి ఆ ముగ్గురి మధ్య కూర్చున్నాడు. మిల్వాకీ జర్నల్ పత్రికలో వేటలూ అడవుల సంగతులూ రాసే గోర్డన్ మెక్‌క్వారీ వినోనా వచ్చి, ఆ కుర్రాడి మాటలు విని రాసిన కథనం ఈనాటికీ చదువుతారు. ఆ ఇంట్లో ఉదయం ముగ్గురికి ఫలహారం కట్టి పంపిన ఇల్లాలి మాట మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. చరిత్ర రాసేవాళ్ళు నదిదాకా వెళతారు, వంటింటిదాకా రారు.

మర్నాడు, 12వ తేదీన, గాలి ఇంకా తగ్గకుండానే వినోనాలో ఒకాయన చిన్న విమానం బయటికి తీశాడు. మాక్స్ కాన్రాడ్ ఆయన పేరు. విమానం పైపర్ కబ్. గాలికి గాలిపటంలా ఊగే తేలికపాటి యంత్రం. దాంట్లో లంకల మీద తిరిగి, మనుషులు కనపడ్డచోట ఇంజను తగ్గించి, సాయం వస్తోంది ఓర్చుకోండని కేకవేసి, డబ్బాలు జారవిడిచాడు. వాటిలో రొట్టెలు, అగ్గిపెట్టెలు, సిగరెట్లు, విస్కీ. అంతటితో పోక, వెతికే పడవలకి పైనుంచి దారి చూపించాడు, ఫలానా లంకలో ఉన్నారని చుట్టూ తిరుగుతూ. బతికున్నవాళ్ళెవరో, నిలబడే గడ్డకట్టినవాళ్ళెవరో పైనుంచి పోల్చుకోవలసి వచ్చింది ఆయనకి. పదిహేడేళ్ళ కుర్రాణ్ణి కనిపెట్టింది కూడా ఆయనే. ఈ కాన్రాడే తర్వాత 1959లో ఆఫ్రికాలోని కాసాబ్లాంకా నుంచి లాస్ ఏంజెలిస్ దాకా, ఒక్కడూ, ఎక్కడా దిగకుండా చిన్న విమానంలో 58 గంటలకి పైగా ఎగిరి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. వినోనా విమానాశ్రయానికి ఇప్పుడు ఆయన పేరే. నాకు మాత్రం కాసాబ్లాంకా కంటే ఆ రొట్టెల డబ్బాలే పెద్దవిగా తోస్తాయి.

ఆ తుఫానులో అన్నిచోట్లా కలిపి నూటయాభైమంది దాకా పోయారు. మిచిగాన్ సరస్సులో ఓడలు మునిగి 66 మంది. మిన్నెసోటాలో 49 మంది, వాళ్ళలో ఇంచుమించు సగం బాతుల వేటకి వెళ్ళినవాళ్ళే. క్రిస్మస్‌కి ముందు జరుపుకునే వాళ్ళ పండగ కోసం పెంచుతున్న టర్కీ కోళ్ళు పది లక్షలకి పైగా చచ్చాయంటారు. పాపం, వాటి గోడు ఎవరికి పట్టింది?

మరి ముందుగా చెప్పేవాళ్ళు లేరా? ఉన్నారు. ఆ ప్రాంతమంతటికీ జోస్యం చెప్పే వాతావరణ కార్యాలయం షికాగోలో ఉండేది. రాత్రిపూట అక్కడ మనుషులుండేవారు కారు. చలి వస్తుందన్నారు గానీ ఇంత వస్తుందనలేదు. అన్నా, చీకటితో లంకలకి వెళ్ళిపోయినవాళ్ళకి ఎవరు చెప్తారు? ఆ చావుల తర్వాతే అక్కడ ఇరవైనాలుగు గంటలూ మనుషుల్ని పెట్టారు, మిన్నెసోటా వాళ్ళ జోస్యం మిన్నెసోటాలోనే చెప్పే ఏర్పాటు చేశారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఎరిగినవాళ్ళం. మనకి ఈ వరస కొత్తకాదు. ముందు పీనుగలు లేస్తాయి, తర్వాత కార్యాలయాలు లేస్తాయి.

మా అక్క కూతురింటి పక్కాయనకి వేట పిచ్చి. కొండమీదనుంచి ఇంటికొచ్చాక ఆయన తన పడవ చూపించాడు. ఇప్పటి పడవకి మోటారు ఉంది, ఒంటికి తేలే చొక్కా ఉంది, జేబులో ఫోను ఉంది, అది గంటగంటకీ గాలి ఎటు వీస్తుందో చెప్తుంది. ఇన్ని ఉన్నాయి కదా, గాలివాన వస్తుందని ఫోను చెప్పిన రోజున మానేస్తారా అని అడిగాను. ఆయన నవ్వి, సరిగ్గా దానికి ముందు రోజే కదండీ బాతులు బాగా దిగేది, అన్నాడు.