క్రైమ్ సిరీస్ చెప్పని ప్రొఫైలింగ్ కథ: ఉప్పు, రైలు, ఒక రిజిస్టర్

క్రైమ్ సిరీస్ ఏది పెట్టినా ఈ సీన్ ఉంటుంది. శవం పక్కన ప్రొఫైలర్ నిలబడతాడు. రెండు నిమిషాలు మౌనం. తర్వాత "వీడికి ముప్పై ఏళ్లు, ఒంటరివాడు, చిన్నప్పుడు నాన్న కొట్టేవాడు" అంటాడు. ఎపిసోడ్ అయ్యేసరికి అచ్చం అలాంటోడే దొరుకుతాడు.

'మైండ్‌హంటర్' చూసినవాళ్లకి తెలుసు, ఎఫ్‌బీఐ వాళ్లు 1970ల్లో జైళ్లకెళ్లి నేరస్థులతో మాట్లాడారు. ఆ అసలు పరిశోధనలో ఉన్నది 36 మంది. 36 మందిని చూసి లోకంలో హంతకులందరి గురించీ చెప్పేయొచ్చా? సామాజిక శాస్త్రం మొదట అడిగేది ఈ ప్రశ్నే. సిరీస్ మాత్రం అడగదు.

అయితే ఒక మాట. దానికి వందేళ్ల ముందే ఇండియాలో ఒక రకం ప్రొఫైలింగ్ ఏకంగా చట్టమైపోయింది. మనిషిని కాదు, మొత్తం కులాన్నే ప్రొఫైల్ చేశారు. అదే 1871 నేరస్థ తెగల చట్టం. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మన ఉత్తరాంధ్ర అప్పుడు అందులోదే.

వాళ్ల లాజిక్ ఏంటంటే, వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడట! తెగను నోటిఫై చేస్తే పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి. వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. నేరం రుజువు కావక్కర్లేదు, పుడితే చాలు.

దీనికి సైన్స్ రంగు కూడా పూశారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ మనుషుల ముక్కులు, తలలు కొలిచేవాడు. పోలీసులకీ ఆ కొలతలు నేర్పాడు. దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు.

మరి ఎరుకలవాళ్లని ఈ జాబితాలోకి ఎందుకు తోశారు? దీనికి జవాబు ముక్కు కొలతల్లో లేదు, ఉప్పులో ఉంది. మా నౌపడలో ఉప్పు మడులు చూసే ఉంటారు. తీరంలో పండిన ఉప్పు లోపలి ఊళ్లకి వెళ్లాలంటే ఒకప్పుడు ఎద్దులు, గాడిదల మీదే. దక్షిణాదిలో ఆ పని చేసినవాళ్లలో ఎరుకలవాళ్లు ఉన్నారు. ఉప్పు ఇచ్చి ధాన్యం తెచ్చేవారు. వాళ్లలో ఒక శాఖ పేరే 'ఉప్పు ఎరుకల'.

తర్వాత రైలొచ్చింది. ఎద్దు మోసే బరువు బోగీకి ఎక్కింది. ఉప్పు మీద సర్కారు పట్టు ఎలాగూ ఉంది. 1876-78 కరువు మీద పడింది. 1882 అడవి చట్టంతో మేత, వెదురు దొరకడం కష్టమైంది. బతుకుతెరువు పోయి ఊరూరా తిరుగుతుంటే, తిరగడాన్నే నేరానికి గుర్తుగా రాసుకున్నారు.

1910ల్లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఒక సెటిల్‌మెంట్ పెట్టి, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం.

నేను కోడ్ రాసే రోజుల్లో దీన్ని ఫీడ్‌బ్యాక్ లూప్ అనేవాళ్లం. ఎక్కడ దొంగతనం జరిగినా మొదట రిజిస్టర్‌లో ఉన్నోళ్లనే పట్టుకుంటారు. పట్టుకుంటారు కాబట్టి రికార్డు పెరుగుతుంది. పెరిగిన రికార్డు చూపించి "చూశారా, మేం ముందే చెప్పాం" అంటారు. డేటా తప్పు కాదు, దాన్ని సేకరించిన తీరే తప్పు.

మద్రాసులో ఈ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ 1948లోనే మద్రాసులో 'అలవాటు నేరస్థుల' చట్టం వచ్చేసింది. సినిమాల్లోనూ స్టువర్టుపురం అంటే దొంగల ఊరే. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. రెండో సినిమా మీద ఆ ఊరివాళ్లు, ఎరుకల సంఘాలు అభ్యంతరం కూడా చెప్పారు.

ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగానికి వెళ్లే కుర్రాడు సర్టిఫికెట్‌లో ఊరి పేరు రాస్తే, అవతలివాడి చూపు ఎలా మారుతుందో ఒక్కసారి ఊహించండి. అందుకే ఈసారి సిరీస్‌లో ప్రొఫైలర్ కళ్లు మూసుకున్నప్పుడు, ఒక ప్రశ్న మీరు అడగండి: "వీడు ఎలాంటోడు" అని కాదు, "వీడికి ముందు ఏ పని ఉండేది, అది ఎవరు లాగేసుకున్నారు" అని.

మీ ఊరి పేరు విని ఎవరైనా మిమ్మల్ని ముందే అంచనా వేసేశారా? కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!