సూత్రం ఎవరిది? పేరు ఎవరిది?

మా అన్నయ్య పన్నెండో తరగతి సైన్సు చదువుతున్నాడు. ఒకరోజు రాత్రి చాలీ వరండాలో కూర్చొని "ఎల్ హాస్పిటల్ రూల్" అని పైకి చదువుతుంటే మా తాత విని, "ఏం హాస్పిటల్ బిడ్డా? జేజేనా?" అన్నాడు. అందరం నవ్వాం. అసలు అది ఆసుపత్రి కాదు, ఒక మనిషి పేరు. ఫ్రెంచి వాళ్లు లోపిటాల్ అంటారు.

ముందు ఆ సూత్రం ఏమిటో చెప్తాను. ఒక సంఖ్య వర్గంలోంచి 4 తీసేయండి. దాన్ని, అదే సంఖ్యలోంచి 2 తీసేస్తే వచ్చినదానితో భాగించండి. సంఖ్య 2.1 అయితే జవాబు 4.1. 2.01 అయితే 4.01. సరిగ్గా 2 అయితే మాత్రం పైన సున్నా, కింద సున్నా! భాగించలేం. కానీ సంఖ్య 2కి దగ్గరయ్యేకొద్దీ జవాబు 4కి దగ్గరవుతోంది కదా, దాన్నే అవధి అంటారు. ఇలాంటప్పుడు లవం, హారం ఎంత వేగంగా మారుతున్నాయో విడివిడిగా చూడాలి. ఆ వేగమే అవకలజం. 2 దగ్గర లవం అవకలజం 4, హారం అవకలజం 1. భాగిస్తే 4. అవధి దొరికింది!

ఇక చరిత్ర. లోపిటాల్ ఫ్రాన్సులో ధనవంతుడు, గణితమంటే ప్రాణం. 1691–92లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి వచ్చిన యోహాన్ బెర్నూలీ అనే యువకుడు ఆయనకు కలన గణితం నేర్పాడు. 1694లో లోపిటాల్ ఒక ఉత్తరం రాశాడు. ఏడాదికి 300 లీవ్ర్‌లు ఇస్తాను, కొత్తగా కనిపెట్టినవి నాకే చెప్పాలి, ఇంకెవరికీ చెప్పకూడదు అన్నది అందులోని బేరం. బెర్నూలీ ఒప్పుకున్నాడు. ఈ సూత్రాన్ని కూడా ఉత్తరంలోనే పంపాడు. 1696లో లోపిటాల్ పుస్తకం వచ్చింది. అవకలన గణితానికి అదే మొదటి పాఠ్యపుస్తకం. ముందుమాటలో బెర్నూలీకి కృతజ్ఞతలు చెప్పాడు కానీ, ఏది ఎవరిదో విడదీసి చెప్పలేదు. 1704లో లోపిటాల్ చనిపోయాక బెర్నూలీ "సూత్రం నాది" అన్నాడు. చాలామంది నమ్మలేదు. ఆయన పాఠాల రాతప్రతి 1922లో, ఉత్తరాలు 1955లో అచ్చయ్యాకే నిజం తేలింది. పేరు మాత్రం మారలేదు.

ఇదంతా తాతకు చెప్పాను. తాత పాలమూరు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి. "పైసలు తీసుకున్నడు గదా, ఇగ పేరెందుకు?" అన్నాడు. నేను ఊరుకోలేదు. "మరి బస్సులో పోయినప్పుడల్లా 'గీ గోడ నా చేతిదే' అని మాకెందుకు చూపిస్తవు తాతా?" అని అడిగాను. తాత ఏమీ అనలేదు.

ముంబైలో రోడ్లకు, భవనాలకు దొరల పేర్లు, సేఠ్‌ల పేర్లు పెట్టారు. వాటికి రాళ్లు మోసినవాళ్లలో నిజాం రాజ్యం నుంచి వచ్చిన మన తెలుగు కూలీలు ఎందరో. వాళ్లను కామాటీలు అన్నారు. వాళ్లు ఉన్న చోటే కామాటిపురా. అంటే ఇక్కడ పేరు డబ్బిచ్చినవాళ్లది కాదు, పని చేసినవాళ్లది!

ఇన్నాళ్లూ ఎక్కడ ఉంటావని ఎవరైనా అడిగితే "నాగ్‌పాడా దగ్గర" అని తప్పించుకునేదాన్ని. కామాటిపురా అంటే జనం ఏదో ఒకలా చూస్తారు కాబట్టి. ఇకమీదట పూర్తిగా చెప్తాను. బెర్నూలీకి దక్కని పేరు మన పెద్దలకు దక్కింది. దాన్ని దాచుకుంటే పోగొట్టుకున్నట్టే కదా!