సూలూరు సీమ తెలుగువారును, టర్బైను ఱెక్కల గాయనిదానమును

విజయనగర ప్రభువుల కాలమునందును, పిదప 1529 ప్రాంతమున విశ్వనాథనాయకునితో మొదలైన మధుర నాయకుల పాలనయందును తెలుగుదేశమునుండి దక్షిణమునకు తరలిన కుటుంబములు పెక్కు. కొందఱు మధుర రాజ్యపు పాళెములకు అధిపతులైరి. కొందఱు కొంగుసీమలోని నల్లరేగడి నేలలందు స్థిరపడి ప్రత్తి పండించిరి. వీరి చరిత్రను వ్రాయువారు కోటలను, శాసనములను, ఆలయములను గణింతురు. ప్రత్తిచేనినుండి నూలుమిల్లును, మిల్లునుండి పోతకొలిమియు, యంత్రశాలయు వెలసిన కథకు శాసనము లేదు.

కోయంబత్తూరునకు తూర్పున సూలూరు, దానిచేరువ కలంగల్ గ్రామము కలవు. 1893లో కలంగల్‌నందు ఒక తెలుగు కుటుంబమున జి.డి. నాయుడు జన్మించెను. మోటారుసైకిలును విడదీసి మరల కూర్చి యంత్రవిద్య నేర్చినవాడని ఆయనకు ప్రసిద్ధి. 1937లో ఆయనయు, డి. బాలసుందరం నాయుడును కలసి భారతదేశమున తొలి విద్యున్మోటారును తయారుచేసిరి. ఆ యేటనే ఏప్రిలు మాసమున ఇంగ్లండునందు ఫ్రాంక్ విటిల్ తన మొదటి గ్యాసుటర్బైనును నడిపెను. ఈ రెంటికి సంబంధ మేమియు లేదు. కాని రెండవ యంత్రము ఇరువదియొక్క సంవత్సరములకే కలంగల్ పొరుగున దిగినది. 1958లో నౌకాదళము సూలూరునందు జెట్ విమానముల దళము నొకదానిని నెలకొల్పెను. అది 1961లో ‘హంస’ యను స్థావరమై, 1964లో గోవాకు తరలిపోయెను. 2018లో తేజస్ విమానదళము సూలూరునకు వచ్చినది. అచటి కొట్టములలో ఇంజనులను పరీక్షించినవారు తెలుగువారే యనుట సాహసము. ఆ పరీక్ష యెట్టిదో తెలిసికొనుట మాత్రము ఈ సీమ చరిత్రకు అప్రస్తుతము కాదు.

గ్యాసుటర్బైనునందు కంప్రెసరు గాలిని నొక్కును, ఇంధనము మండును, వేడివాయువు టర్బైను ఱెక్కలను త్రిప్పును. తిరుగునపుడు ఒక్కొక్క ఱెక్కను వెలుపలికి లాగు బలము టన్నులలో నుండును. పరీక్షకుడు బోర్‌స్కోపు అను సన్నని గొట్టమును లోనికి చొప్పించి, చక్రమును మెల్లగా త్రిప్పుచు ఱెక్కలను ఒక్కటొక్కటిగా చూచును. కంప్రెసరు మొదటి వరుస అంచున సొట్ట యున్నచో రాయియో పక్షియో వెలుపలినుండి వచ్చినదని అనుమానింపవలెను. మొదటి వరుస శుభ్రముగా నుండి వెనుక వరుసలు దెబ్బతిన్నచో దోషి లోపలనే కలదు; ఊడిన మరయో, విఱిగిన ముక్కయో కావచ్చును. టర్బైనునందు ఱెక్క సాగి దాని కొన చుట్టుగోడను ఒరసినచో అది దీర్ఘకాలపు వేడికి లోహము లొంగిన గుర్తు కావచ్చును. అంచుల సన్నని చీలికలు పలుమార్లు వేడెక్కి చల్లారుటవలన కలుగును. పొరలుగా ఉబ్బి రాలు పైపూత గంధకమును, సముద్రపు ఉప్పును కలసి చేసిన క్షయమును తెలుపును.

ఱెక్క విఱిగినపుడు నిదానము కఠినము. ఒక్కటి విఱిగిన దాని ముక్కలు వెనుక వరుసలన్నిటిని చితుకగొట్టును. అందుచే మిక్కిలి నలిగినది మూలదోషి కాకపోవచ్చును. పెద్ద గాయమే మొదటిదని తీర్మానించుట చరిత్రకారునకును అలవాటైన పొరపాటే. విఱిగిన ముఖము అంతయు గరుకుగా నున్నచో ఒక్క దెబ్బకు తెగినది. నున్నగా నుండి, ఏటి యిసుకపై నీరు తీసిన గీతలవంటి వరుసలు కనబడినచో కంపనములచే లోహము అలసి క్రమముగా చీలినది. ఆ గీతల కేంద్రమున చిన్న సొట్టయో, త్రుప్పుగుంటయో, పోతలోని పొక్కో యుండును. దానిని గుర్తింపక క్రొత్త ఱెక్కను బిగించినచో అదియు అచటనే విఱుగును. ఈసారి విమానము ఆకాశమున నుండవచ్చును.

పోతపొక్కు కొలిమివారికి క్రొత్త కాదు. నికెలు మిశ్రలోహపు ఱెక్కలను నేటికిని మైనపు అచ్చుతోనే పోయుదురు. చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమున విగ్రహములకు చెప్పిన మధూచ్ఛిష్ట విధానమునకు ఇది బంధువే. గుండ్రని రంధ్రము చిక్కుకొన్న వాయువుచేతను, గరుకైన పగులు చల్లారునపుడు లోహము కుంచించుటచేతను కలుగునని కోయంబత్తూరు పోతపనివారు తమ పంపుల విషయమున ఎఱుగుదురు. ఱెక్క విషయమున లోతుతో పాటు చోటును ముఖ్యము. కొనయందలి నిస్సారమైన సొట్టను, పరిమితి లోపలిదైనచో, ఆకురాయితో నున్నగా చేసి ఱెక్కను మరల వాడవచ్చును. అంతే లోతుగల సొట్ట మొదలున నున్నచో ఆ ఱెక్కను పరీక్షకుడు త్రోసిపుచ్చును.